మందుల బీరువా తాళంచెవి మళ్ళీ ఎవరి చేతికి?

ఏ ఆస్పత్రిలో అయినా మార్ఫిన్, పెథిడిన్ లాంటి మందుల్ని మిగతా వాటితో కలిపి పెట్టరు. విడిగా తాళం వేసి ఉంచుతారు. ఇప్పుడంటే పెద్ద ఆస్పత్రుల్లో పాస్‌వర్డు, వేలిముద్రా అడిగే మెషీన్లు వచ్చాయి గానీ, ఒకప్పుడు ఆ తాళంచెవి డ్యూటీలో ఉన్న నర్సు దగ్గరే ఉండేది. ఇంతకీ ప్రశ్న ఏంటంటే, ఆ నర్సే ఆ మందుకి బానిసైతే? సరే, అయింది. చికిత్స చేయించుకుంది, మానేసింది, తిరిగొచ్చి "నా ఉద్యోగం నాకివ్వండి" అంది. అప్పుడు తాళంచెవి మళ్ళీ ఆవిడ చేతిలో పెడతారా?

"ఛస్తే పెట్టం" అంటారు చాలామంది. మనకి వ్యసనం అనగానే గుర్తొచ్చేది సప్తవ్యసనాలు. జూదం, వేట, తాగుడు... అంటే అది దోషం, రోగం కాదు. పైగా మన భాషలో "మానేశాడు" అంటే పని పూర్తయిపోయినట్టే. "కోలుకున్న" వేరు, "కోలుకుంటున్న" వేరు. ఈ రెండో మాటని అర్థం చేసుకోవడానికి అమెరికాకి దాదాపు వందేళ్ళు పట్టింది. ఆ కథే ఈ టపా.

కథ నర్సుతో కాదు, ఒక డాక్టరుతో మొదలవుతుంది. విలియం హాల్‌స్టెడ్. ఆధునిక శస్త్రచికిత్సకి పునాది వేసిన వాళ్ళలో ఒకడు. 1884 చివర్లో న్యూయార్క్‌లో కొకెయిన్‌ని మత్తుమందుగా వాడొచ్చా అని తన మీదే ప్రయోగాలు చేసుకుంటూ దానికి బానిసైపోయాడు. 1886లో బట్లర్ ఆస్పత్రిలో చేర్చారు. తర్వాత మార్ఫిన్ పట్టుకుంది. ఆయన స్నేహితుడు విలియం వెల్చ్ బాల్టిమోర్‌కి పిలిపించుకుని పని ఇప్పించాడు. 1890కల్లా హాల్‌స్టెడ్ జాన్స్ హాప్కిన్స్‌లో ముఖ్య సర్జన్! అక్కడే పనిచేసే కరొలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక మందుకి పాడవుతుంటే, ఆవిడ కోసం గుడ్‌ఇయర్ కంపెనీ చేత రబ్బరు గ్లవ్స్ చేయించింది ఈయనే. తర్వాత ఆవిడనే పెళ్ళి చేసుకున్నాడు. ఆయన మార్ఫిన్ వాడకం పైకి రాలేదు. సహోద్యోగి విలియం ఆస్లర్ రాసిపెట్టిన రహస్య చరిత్ర 1969లో గానీ అచ్చవలేదు.

చూశారా? డాక్టరైతే చుట్టూ ఉన్నవాళ్ళు దాచిపెట్టి కాపాడారు. ఈ కథలో డాక్టరుకి ముందు దొరికినవన్నీ నర్సుకి ఆలస్యంగానే దొరుకుతాయి. గుర్తు పెట్టుకోండి.

1914లో హారిసన్ చట్టం వచ్చింది. మత్తుమందుల అమ్మకానికి లెక్కలూ పన్నులూ అన్నారు. 1919లో వెబ్ కేసులో సుప్రీంకోర్టు, బానిసైన మనిషికి ఆ అలవాటు కొనసాగించడానికని మందు రాసిస్తే అది వైద్యమే కాదు పొమ్మంది. దాంతో రోగి కాస్తా నేరస్థుడు అయ్యాడు. 1935లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ప్రభుత్వం ఒక పెద్ద సంస్థ తెరిచింది. సగం జైలు, సగం ఆస్పత్రి. జనం దాన్ని "నార్కోటిక్ ఫార్మ్" అనేవాళ్ళు. శిక్ష పడ్డ ఖైదీలతో పాటు తమంతట తామే వచ్చి చేరిన వాళ్ళూ ఉండేవారు. వాళ్ళలో డాక్టర్లూ, నర్సులూ ఉన్నారు.

సరిగ్గా అదే సంవత్సరం ఒహాయోలోని ఏక్రన్‌లో ఇంకో ముచ్చట జరిగింది. బాబ్ స్మిత్ అనే సర్జన్ విపరీతంగా తాగేవాడు. 1935 జూన్ 10న ఆపరేషన్ చెయ్యాలి, చేతులు వణుకుతున్నాయి. వణుకు తగ్గడానికి ఒక బీరు తాగి ఆపరేషన్‌కి వెళ్ళాడు. అదే ఆఖరిది. 1950లో చనిపోయేదాకా మళ్ళీ ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే. అంటే ఆ ఉద్యమం పుట్టిందే ఒక వైద్యుడు మానేసి తిరిగి పనిలోకి వెళ్ళడంతో అన్నమాట. నాలుగేళ్ళ తర్వాత అదే ఊళ్ళో సెయింట్ థామస్ ఆస్పత్రిలో అడ్మిషన్లు చూసే సిస్టర్ ఇగ్నేషియా తాగుబోతుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది. తాగుబోతు అంటే ఆస్పత్రిలో మంచం ఇవ్వరు కాబట్టి రిజిస్టర్లో "కడుపులో మంట" అని రాసేదిట! రోగం పేరు మారిస్తే గానీ రోగిగా చూడని రోజులవి.

1956లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తాగుడుని వైద్యం చెయ్యాల్సిన రోగంగా ఒప్పుకుంది. 1973లో అదే సంస్థ "జబ్బుపడ్డ డాక్టరు" గురించి ఒక నివేదిక ప్రచురించి, బానిసైన డాక్టర్ని వెళ్ళగొట్టే ముందు చికిత్స చేయించాలంది. నర్సుల సంఘం, అంటే అమెరికన్ నర్సెస్ అసోసియేషన్, ఇలాంటి తీర్మానం చేసింది 1982లో. తొమ్మిదేళ్ళు లేటు. 1983లో ఫ్లోరిడాలో నర్సుల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం మొదలైంది, 1985లో కాలిఫోర్నియాలో. తర్వాత ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది. లైసెన్సు రద్దు చేసే బదులు ఒప్పందం మీద చికిత్సకి పంపడం, కోలుకుంటే మళ్ళీ పనిలోకి తీసుకోవడం, ఇదీ పద్ధతి.

అసలు నర్సులు ఎందుకు ఇందులో పడతారు? సరదా కోసం కాదు. రోగుల్ని ఎత్తీ దించీ నడుం పోతుంది, నొప్పికి మాత్రలు మొదలవుతాయి. నైట్ షిఫ్టులు, నిద్రలేమి, కళ్ళ ముందు చావులు. దానికి తోడు "నాకు డోసు తెలుసులే" అన్న ధైర్యం. అన్నిటికన్నా ముఖ్యం, మందు చేతికందే దూరంలో ఉండటం. ఆంప్యూల్‌లో మిగిలిన మందుని పారబోసేటప్పుడు రెండో నర్సు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. పని ఒత్తిడిలో చూడకుండానే పెట్టేస్తుంటారు. కోడ్ రివ్యూలో చదవకుండా "అప్రూవ్" నొక్కే మనకి ఇది కొత్తగా చెప్పాలా?

తిరిగి తీసుకోవడం అంటే పూలదండ వేసి తీసుకోవడం కాదండోయ్. షరతులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. సాధారణంగా మూడు నుంచి అయిదేళ్ళ ఒప్పందం. ఏ రోజు పిలిస్తే ఆ రోజు వెళ్ళి మూత్ర పరీక్ష ఇవ్వాలి, చాలాచోట్ల డబ్బు కూడా తనే కట్టుకోవాలి. మొదట్లో కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది, మత్తుమందుల బీరువా ముట్టుకోకూడదు. తన రోగికి ఆ ఇంజెక్షన్ వేరే నర్సు వచ్చి ఇస్తుంది. నైట్ డ్యూటీ లేదు, ఓవర్‌టైమ్ లేదు. పనిచేసేచోట ఒకరు గమనిస్తూ రిపోర్టు పంపుతుంటారు. ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చే నర్సులకైతే ఇంకా కఠినం. కనీసం ఏడాది ఆ పనికి దూరంగా ఉండమని వాళ్ళ సంఘమే సలహా ఇస్తుంది. ఇక తోటి నర్సుల చూపులు, గుసగుసలు. అవి ఏ ఒప్పందంలోనూ రాసి ఉండవు.

"మరి రోగి సంగతేంటి?" అని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. 2012లో న్యూహాంప్‌షైర్‌లో ఒక టెక్నీషియన్ (నర్సు కాదు) దొరికాడు. ఫెంటనిల్ సిరంజీలు దొంగిలించి తను వాడుకుని, ఉప్పునీళ్ళతో నింపి తిరిగి పెట్టేవాడు. అతనికి హెపటైటిస్ సి ఉంది. పలు రాష్ట్రాల్లో పదుల సంఖ్యలో రోగులకి అంటించాడు. 2013లో 39 ఏళ్ళ శిక్ష పడింది. ఇది వింటే ఎవరికైనా రక్తం మరుగుతుంది. కానీ ఆ కథని ఇంకొంచెం వెనక్కి చదవండి. అంతకు ముందే వేరే ఆస్పత్రుల్లో దొరికాడు, ఉద్యోగం ఊడింది, మళ్ళీ ఇంకో రాష్ట్రంలో ఇంకో ఆస్పత్రిలో చేరాడు. అంటే "పీకేశాం, మా పీడ వదిలింది" అనుకున్న ప్రతి ఆస్పత్రీ ఆ పీడని పక్క ఊరి రోగి మీదకి పంపిందన్నమాట. మన ప్రోగ్రాములో బగ్‌ని సరిచెయ్యకుండా వేరే టీముకి అసైన్ చేసినట్టు!

అలాగని కార్యక్రమం పేరు పెట్టినంత మాత్రాన అంతా సవ్యంగా సాగదు. 2009లో లాస్ ఏంజెలెస్ టైమ్స్, ప్రోపబ్లికా కలిసి కాలిఫోర్నియా నర్సుల కార్యక్రమం మీద కథనాలు రాశాయి. అందులో ఉంటూనే మందులు దొంగిలించిన వాళ్ళు, మత్తులో డ్యూటీకి వచ్చిన వాళ్ళు బయటపడ్డారు. అదే రాష్ట్రంలో డాక్టర్ల కార్యక్రమాన్ని, ఆడిట్లలో పదే పదే లోపాలు తేలాక, 2008లో మూసేశారు. గట్టిగా నడిపిన చోట మాత్రం ఫలితం వేరు. అదే 2008లో వచ్చిన ఒక అధ్యయనం 16 రాష్ట్రాల కార్యక్రమాల్లో చేరిన 904 మంది డాక్టర్లని అయిదేళ్ళు వెంబడించింది. వివరాలు దొరికిన వాళ్ళలో దాదాపు 79 శాతం అయిదేళ్ళ తర్వాత లైసెన్సుతో పని చేసుకుంటున్నారు. వాళ్ళు డాక్టర్లు, డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళు, నిజమే. కానీ కోలుకోవడం కుదరదు అనే వాదన అక్కడే వీగిపోయింది.

కథ ఇంకా అయిపోలేదు. 2002లో బ్యుప్రనార్ఫిన్ అనే మందుని ఈ రోగానికి వాడటానికి అనుమతించారు. రోజూ వేసుకుంటే ఆ తహతహ అదుపులో ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ తీసుకున్నట్టు. ఇండియానా రాష్ట్రంలో ఒక నర్సు డాక్టరు రాసిచ్చిన ఇలాంటి మందు వాడుతూ కోలుకుంటోంది. అక్కడి కార్యక్రమం "ఆ మందు మానేస్తేనే చేర్చుకుంటాం" అంది. చేరకపోతే లైసెన్సు లేదు. 2022 మార్చిలో అమెరికా న్యాయశాఖ, ఇండియానా నర్సింగ్ బోర్డు వికలాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. చూడండి విచిత్రం, రోగం అని ఒప్పుకున్న నలభై ఏళ్ళకి కూడా ఆ రోగానికి మందు వాడితే తప్పన్నారు! నోటితో రోగం అన్నా మనసులో ఇంకా పాపమే.

నా మటుకు నాకు రోగి భద్రతా, నర్సు బతుకూ ఒకదానికొకటి అడ్డం అనిపించదు. పట్టుబడితే సర్వనాశనం అని తెలిసిన నర్సు చివరిదాకా దాస్తుంది. తోటి నర్సు కూడా "పాపం, పిల్లలున్న మనిషి" అని నోరు మూసుకుంటుంది. దాచినంత కాలం ప్రమాదంలో ఉండేది మంచం మీద ఉన్న రోగే. ముందే చెబితే దారుంది అని తెలిస్తే, చెప్పే వాళ్ళు కొందరైనా ఉంటారు. అందుకే నిఘా కావాలి, గట్టిగా కావాలి. దాంతో పాటు తలుపూ తెరిచి ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా రెండోది పనిచెయ్యదు.

తాళంచెవి వెంటనే ఇవ్వమని నేననను. ఏడాది ఆగండి, పరీక్షలు చెయ్యండి, పక్కన మనిషిని పెట్టండి. కానీ ఎప్పటికీ ఇవ్వం అని ముందే చెప్పేస్తే, ఆ మనిషి కోలుకోవడానికి మనం మిగిల్చిన కారణం ఏంటి? ఆలోచించి చెప్పండి.