ప్రాగ్: టికెట్టు లేని చరిత్ర

జర్మనీలో చదువుకొనే మన విద్యార్థులకు ప్రాగ్ నగరం చాలా దగ్గర. డ్రెస్డెన్ నుండి రైలులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. నలుగురైదుగురు కలిసి ఉండే హాస్టలు గదిలో ఒక మంచం, రెండు పూటలకు రొట్టె, వేడి సూపు, ట్రాములో తిరగడానికి ఒక రోజు టికెట్టు. విద్యార్థి జేబుకు ఇంతే భారం. వల్తవా నదికి ఆవలి గట్టున ఉన్న కోట ప్రాంగణంలో ఊరికే తిరగవచ్చు గాని, లోపలి భవనాలకు టికెట్టు కొనాలి. యూదుల పాత శ్మశానానికీ అంతే. ఇవన్నీ మానుకొంటే ఇక మిగిలేవి వీధులు. అయితే ఆ వీధుల్లో కనిపించే చరిత్రలో పెద్ద భాగం విద్యార్థులదీ, వారి గురువులదీ కావడం ప్రాగ్ విశేషం.

నాలుగవ చార్లెస్ రాజు 1348లో ఇక్కడ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. మధ్య ఐరోపాలో అదే మొదటిది. ఆయన పేరనే పిలువబడే రాతి వంతెనకు 1357లో పునాది పడింది. అర కిలోమీటరు పొడవైన ఆ వంతెన మీద నడవడానికి నేటికీ రుసుము లేదు.

ఈ విశ్వవిద్యాలయ చరిత్రలో నలుగురిని తలచుకోవాలి. యాదృచ్ఛికమే కావచ్చు, నలుగురి పేరూ యాన్.

మొదటివాడు యాన్ హుస్. బెత్లహేం మందిరంలో లాటినుకు బదులు సామాన్యులకు తెలిసిన చెక్ భాషలో బోధించినవాడు. 1409లో రాజు విశ్వవిద్యాలయ వ్యవహారాల్లో చెక్కులకు మూడు ఓట్లు, తక్కిన మూడు వర్గాలకూ కలిపి ఒక్క ఓటు ఇచ్చాడు. హుస్ దానిని సమర్థించాడు, రెక్టరు కూడా అయ్యాడు. అలిగిన జర్మన్ ఆచార్యులూ, విద్యార్థులూ వెళ్ళిపోయి లైప్‌జిగ్‌లో మరో విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పారు. మాతృభాషకు దక్కిన ఆ గౌరవానికి విద్యాలయం చెల్లించిన మూల్యం అది. 1415 జూలై 6న కాన్‌స్టన్స్ నగరంలో హుస్‌ను మతద్రోహిగా సజీవంగా దహనం చేశారు. ఐదు వందల ఏళ్ళ తరువాత, 1915లో, పాత నగర కూడలిలో ఆయన విగ్రహం వెలిసింది.

ఆ కూడలిలోనే, పాత పురమందిరం ప్రక్కన నేల మీద 27 తెల్లని శిలువ గుర్తులు ఉన్నాయి. తల పైకెత్తి గడియారం చూసే జనం వాటిని తొక్కుకుంటూ పోతారు. 1620లో తెల్లకొండ యుద్ధంలో ఓడిన బొహీమియా నాయకులు 27 మందిని 1621 జూన్ 21న వధించిన చోటు అది. వారిలో ఒకడు విశ్వవిద్యాలయ రెక్టరు యాన్ యెసేనియస్. 1600లో ఇదే నగరంలో శవాన్ని బహిరంగంగా కోసి, శరీర నిర్మాణాన్ని వివరించిన వైద్యుడాయన. నాలుక కోసిన తరువాత ఆయన తల నరికారు. పన్నెండు మంది తలలను వంతెన గోపురానికి వేలాడదీశారు. ఈనాడు ఛాయాచిత్రాల కోసం యాత్రికులు నిలబడేది ఆ గోపురం ముందే.

మూడవవాడు వైద్యవిద్యార్థి యాన్ ఒప్లెటల్. 1939 అక్టోబరు 28న నాజీ ఆక్రమణకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో తుపాకి గుండు తగిలి, నవంబరు 11న మరణించాడు. అతని అంత్యక్రియలు మరో ప్రదర్శనగా మారాయి. నవంబరు 17న నాజీలు చెక్ ఉన్నత విద్యాలయాలన్నిటినీ మూసివేశారు. తొమ్మిది మందిని విచారణ లేకుండా చంపి, పన్నెండు వందల మందికి పైగా విద్యార్థులను జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి పంపారు. అంతర్జాతీయ విద్యార్థి దినం ఈ తేదీ నుండి వచ్చినదే.

నాల్గవవాడు యాన్ పలాఖ్, చరిత్ర విద్యార్థి. 1968 ఆగస్టులో సోవియట్ నాయకత్వాన వచ్చిన సైన్యాలు దేశాన్ని ఆక్రమించగా, జనంలో కమ్ముకొంటున్న నిరాశను సహించలేక 1969 జనవరి 16న జాతీయ మ్యూజియం ఎదుట ఆత్మాహుతి చేసుకొన్నాడు. మూడు రోజులకు కన్నుమూశాడు. వయస్సు ఇరవై. ఆ చర్యను మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. ఇరవై ఏళ్ళ బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఏ స్మారకమూ ఓదార్పు కాదు. కాని అతని జ్ఞాపకానికి పాలకులు ఎంత భయపడ్డారో చూడండి. సమాధి వద్దకు జనం పూలు తేవడం మానలేదని 1973లో అవశేషాలను వెలికితీయించి, దహనం చేయించి, ఆ గోతిలో మరొకరిని పూడ్చిపెట్టారు. చితాభస్మం 1990లో గాని ఒల్షానీ శ్మశానానికి తిరిగి చేరలేదు.

ఒప్లెటల్ స్మృతికి యాభై ఏళ్ళు నిండిన 1989 నవంబరు 17న విద్యార్థులు మళ్ళీ ఊరేగింపు తీశారు. నారొద్ని వీధిలో పోలీసులు వారిని అడ్డగించి చావబాదారు. ఆ దెబ్బలతో దేశమంతా కదిలింది. డిసెంబరు 29న వాత్స్లావ్ హావెల్ అధ్యక్షుడయ్యాడు.

నారొద్ని వీధిలోని ఒక నడవా గోడమీద ఆ రాత్రికి గుర్తుగా కంచు చేతులు ఉన్నాయి. అవి ఆయుధం లేని ఉత్త చేతులు. ఏటా నవంబరు 17న జనం అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు. ప్రాగ్ వెళ్ళదలచిన విద్యార్థులు వీలైతే ఆ రోజునే వెళ్ళండి. కోట లోపలి భవనాలను ఉద్యోగం వచ్చిన తరువాత చూసినా నష్టం లేదు.