సాఫ్ట్‌బాల్ అంపైర్ సంజ్ఞలు, ప్రకటనలు: చారిత్రక పరిశీలన

సాఫ్ట్‌బాల్ మైదానంలో అంపైర్ తీర్పు రెండు రూపాల్లో వెలువడుతుంది: నోటి ప్రకటన, చేతి సంజ్ఞ. ఈ రెండూ ఒకే కాలంలో పుట్టినవి కావు. 1887లో షికాగోలో జార్జ్ హాన్‌కాక్ ఈ ఆటను నాలుగు గోడల మధ్య ఆడే బేస్‌బాల్‌గా రూపొందించాడు. నాటి బేస్‌బాల్‌లో తీర్పు ప్రధానంగా నోటిమాటే.

సంజ్ఞల పుట్టుకకు విలియం హోయ్ అనే బధిర క్రీడాకారుడు (1888-1902 మధ్య మేజర్ లీగ్‌లలో ఆడాడు) కారణమన్న కథ ప్రచారంలో ఉంది. అయితే హోయ్‌కి స్ట్రైకో బాలో సైగ చేసి చెప్పింది మూడో బేస్ దగ్గర నిలిచిన సహచరుడే తప్ప అంపైర్ కాదు. హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం ఈ ఘనతను అంపైర్ బిల్ క్లెమ్‌కు కట్టబెట్టింది. 1905లో సై రిగ్లర్ స్ట్రైక్‌కు కుడిచేయి ఎత్తాడన్న వాదమూ ఉంది. ఎవరు మొదలుపెట్టారన్న తగవు కంటే, వినపడని చోట తీర్పు కనపడాలన్న అవసరమే ఇక్కడ ముఖ్యం.

నేటి నియమాల్లో పిడికిలి బిగించి కుడిచేయి ఎత్తితే అవుట్. అరచేతులు నేలవైపు ఉంచి రెండు చేతులూ పక్కలకు చాపితే సేఫ్. వీటన్నిటిలో ప్రత్యేకమైనది ఫెయిర్ బంతి. దానికి మాట లేదు. అంపైర్ మౌనంగా మైదానం లోపలికి చేయి చూపుతాడు. ఫౌల్‌కు మాత్రం గట్టిగా కేక వేయాలి, ఆ కేకతో ఆట ఆగుతుంది. ఫెయిర్, ఫౌల్ రెండూ ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు. పొరపాటున నోరు జారితే పరుగెత్తవలసిన క్రీడాకారిణి నిలబడిపోతుంది. పిడికిలితో ఎడమచేయి పక్కకు చాపితే నియమభంగం జరిగిందని, ఆట మాత్రం ఆగలేదని అర్థం. ఆట ఆగిందనుకున్న రన్నర్ బేస్ వదిలితే అవుటయ్యే ప్రమాదముంది.

2016 అక్టోబర్ 11న పూర్వపు వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఈ విషయానికి మరో కోణముంది. ఇక్కడి ఇళ్లలో తెలుగుతో పాటు లంబాడి, కోయ, ఉర్దూ వినిపిస్తాయి. అవుట్ అన్న మాట క్రికెట్ ద్వారా ఏనాడో తెలుగైపోయి ‘అవుటయ్యాడు’ అనే క్రియగా మారింది. స్ట్రైక్, ఫౌల్, ఇన్‌ఫీల్డ్ ఫ్లై అలా ఇంటిమాటలు కాలేదు. ఈ ప్రాంతపు పిల్లలెరిగిన చెడుగుడులో కూత ఆటగాడిది. అది తెగిందా లేదా అని చెవి ఒగ్గి వినవలసినవాడు అంపైర్. సాఫ్ట్‌బాల్‌లో కూత అంపైర్‌ది. దాన్ని వినవలసింది, అంతకన్నా చూడవలసింది ఆటగాళ్లు.