అజంతా కుడ్యచిత్రముల ఛాయాప్రతులు: ప్రామాణ్యవిచారము

తాళపత్రప్రతులను పరిష్కరించువారికి లేఖకదోషములను గుర్తించుట ప్రథమకర్తవ్యము. లేఖకుడు ఏ యక్షరమును మఱియే యక్షరముగా భ్రమించునో తెలిసిననే గాని శుద్ధపాఠము చేజిక్కదు. చిత్రకళాచరిత్రను పరిశోధించువారిలో పలువురు మాత్రము తమకు ముఖ్యాధారమగు నలుపుతెలుపుల ఛాయాచిత్రమును నిర్దోషసాక్షిగా నెంచుచున్నారు. కెమేరాయు నొక లేఖకుడే యనియు, దాని దోషములు నియతములు గావున గుర్తింపదగినవే యనియు అజంతా కుడ్యచిత్రముల నుదాహరణముగా గొని నిరూపించుట మా యుద్దేశము.

1819 ఏప్రిల్ మాసమున జాన్ స్మిత్ అను ఆంగ్ల సైనికాధికారి కంటబడిన పిదప ఈ గుహలు విద్వల్లోకమునకు తెలియవచ్చెను. 1844లో రాబర్ట్ గిల్ ఈ చిత్రములకు ప్రతులు వ్రాయుటకు నియుక్తుడయ్యెను. ఆయన వ్రాసిన ప్రతులలో నధికభాగము 1866లో సిడెన్‌హాంలోని క్రిస్టల్ పాలెస్ అగ్నిప్రమాదమున దగ్ధమయ్యెను. 1872 మొదలు 1885 వఱకు జాన్ గ్రిఫిత్స్ బొంబాయి కళాశాల విద్యార్థులచే వ్రాయించిన ప్రతులలోను పెక్కులు 1885లో లండను సౌత్ కెన్సింగ్టన్‌లో నగ్నికాహుతియయ్యెను. చేతివ్రాత ప్రతులిట్లు నశింపగా ఛాయాచిత్రముల విలువ సహజముగా హెచ్చెను. గిల్ తీసిన ఛాయాచిత్రములు 1864లోనే గ్రంథరూపమున వెలువడియుండెను. అటుపిమ్మట, అజంతా హైదరాబాదు సంస్థానములో నున్నందున, ఆ సంస్థాన పురావస్తుశాఖకు చెందిన గులాం యజ్దానీ 1930, 1933, 1946, 1955 సంవత్సరములలో నాలుగు భాగములుగా వెలువరించిన మహాగ్రంథము ఛాయాచిత్రణమునే యాధారముగా గొనెను. అందు వర్ణఫలకములతోపాటు ఏకవర్ణఫలకములును గలవు.

ఇక దోషముల సంగతి. మొదటిది వర్ణదోషము. గిల్ కాలమునాటి కొలోడియన్ ఫలకము నీలకాంతిని మాత్రమే చక్కగ గ్రహించును. పసుపునకు, ఎఱుపునకు దాదాపు అంధము. అజంతా చిత్రకారులు విరివిగా వాడిన కావిరంగు అట్టి ఫలకముపై నలుపుగా పరిణమించును. రాజావర్త శిలాచూర్ణముచే సాధించిన నీలము తెలుపునకు చేరువగును. నల్లని రేఖకును, ఎఱ్ఱని పూతకును భేదమే నశించును. 1873లో హెర్మన్ ఫోగెల్ కొన్ని రంజనద్రవ్యములను చేర్చినచో ఫలకము ఇతరవర్ణములనుగూడ గ్రహింపగలదని కనుగొనెను. ఎఱుపునుగూడ గ్రహించు పాంక్రొమాటిక్ ఫలకములు 1906లో విక్రయమునకు వచ్చెను.

రెండవది మందకాంతి దోషము. ఒకటవ గుహలోని మంటపము సుమారు 64 అడుగుల చతురస్రము. సుప్రసిద్ధమగు పద్మపాణి చిత్రము వెనుకగోడపై నున్నది. ముందుభాగమునుండి వచ్చు వెలుతురు అచ్చటికి క్షీణించియే చేరును. కటకముఖమున రంధ్రవ్యాసమును సగము చేసిన కాంతి నాలుగవవంతగును గావున కాలము నాలుగింతలు కావలెను. తడి కొలోడియన్ ఫలకమో, కొన్ని నిమిషములలో ఎండిపోవును. ఇక దీర్ఘకాల గ్రహణమున కవకాశ మెక్కడిది? పొడిఫలకములు వచ్చిన పిదపను చిక్కు పూర్తిగ తొలగలేదు. కాంతి మిక్కిలి మందమైనచో ఫలకము లెక్కకు తగినంతగా స్పందింపదు. ఖగోళశాస్త్రవేత్త కార్ల్ ష్వార్ట్స్‌చైల్డ్ 1900 ప్రాంతమున ఈ విషయమును పరిశీలించి సూత్రీకరించెను. అందుచే వెలుగుపట్టులకంటె నీడపట్టులు మఱింత వెనుకబడి, చిత్రమందలి మృదుఛాయలు చీకటిలో మునుగును. చిత్రకారుడు ముఖమున కొసగిన గుండ్రదనము, ఛాయాప్రతియందు కఠినమగు తెలుపునలుపుల సంఘర్షణగా తోచును.

ఈ దోషముల నెఱుగనివారు ఎట్టి పొరపాటున పడుదురో యోచింతము. 1860 ప్రాంతపు ఛాయాచిత్రమున నల్లగానున్న వస్త్రము 1930 నాటి ఫలకమున తేటగా కనబడినచో, నడుమ ఎవరో రంగు దిద్దిరనియో, శుభ్రపఱచిరనియో నిర్ణయింప బుద్ధిపుట్టును. ఈ నడిమికాలముననే, అనగా 1920 మొదలు 1922 వఱకు, ఇటలీ దేశీయులగు చెక్కోనీ, ఓర్సీనీ అనువారు చిత్రములను శుభ్రపఱచి పదిలపఱచిన మాటయు నిజమే. కావున మార్పు గోడలో జరిగినదా, ఫలకములో జరిగినదా యన్నదే ప్రశ్న.

దీనికి మాకు తోచిన పరీక్ష యొకటి గలదు. లేపము రాలి బయల్పడిన నల్లఱాతి భాగము బూడిదవన్నెది. ఫలకజాతి మాఱినను దానిలో భేద మల్పము. రెండు ప్రతులయందును ఆ శిలాభాగము సమానముగా నుండి, ఎఱ్ఱనిపట్టులు మాత్రమే మాఱినచో కారణము ప్రధానముగా ఫలకమే. శిలయు మాఱినచో కాంతినిగాని, ముద్రణమునుగాని శంకింపవలెను. ఈ రెండు కారణములును తొలగిన పిదపనే గోడయందలి మార్పును చెప్పవలెను. తెల్లనిపూతను మాత్రము కొలబద్దగా గొనరాదు. పైపూసిన వార్నిషు పసుపెక్కినచోట తెలుపుగూడ పాతఫలకముపై మసకబాఱును.

ఇది అజంతాకు మాత్రమే పరిమితమైన విషయము గాదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై నున్న విజయనగరకాలపు చిత్రములను పాత ఛాయాచిత్రములతో పోల్చువారికిని ఈ జాగరూకత యవసరమే. ఏ ఛాయాచిత్రము నుదాహరించినను, తీసిన సంవత్సరమును, ఫలకజాతిని, వెలుతురు వచ్చిన దిక్కును తెలిసినంతవఱకు పేర్కొనుట పరిశోధకవిద్యార్థులు అలవఱచుకొనవలసిన నియమము. లేఖకుని స్వభావ మెఱిగిన పరిష్కర్తకు తప్పులప్రతియు నుపకరించును. ఎఱుగనివానిని మేలుప్రతియు మోసగించును.