బొమ్మతో మనసుకు వైద్యం: ఒక వృత్తి చట్టానికెక్కిన కథ

మంచిర్యాల దగ్గరి శ్రీరాంపూర్ ఏరియాలో బొగ్గుబాయి పని చేసే ఇళ్లలో సర్టిఫికెట్ విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ లేనివాడికి బాయిలో మనుషుల్ని అప్పగించరు. గ్యాస్ టెస్టింగుకు ఒక సర్టిఫికెట్, ఓవర్‌మన్‌కు ఒకటి, మేనేజరుకు సెకండ్ క్లాసు, ఫస్ట్ క్లాసు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లో శిక్షణ పూర్తి చేయనిదే బాయి దిగడు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలూ ఈ సర్టిఫికెట్ల సంగతంతా రాసిపెట్టాయి. ఇందులో చాలా నియమాల వెనుక పోయిన ప్రాణాలున్నాయి.

అదే కార్మికుడి ఇంట్లో బిడ్డ ఉన్నట్టుండి మాట్లాడటం తగ్గించేసిందనుకుందాం. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది, బడికి పోనంటోంది. ఎవరో వచ్చి, బొమ్మలు వేయించి బాగుచేస్తాం, ఇది ఆర్ట్ థెరపీ అన్నారు. ఆ మనిషిని ఏ సర్టిఫికెట్ చూపించమని అడగాలి? 2021 వరకు మన దేశ చట్టాల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఇప్పుడు ఉంది. కాకపోతే ఒక పెద్ద పట్టికలో, మరో వృత్తి పేరు పక్కన, బ్రాకెట్ల మధ్య ఉంది.

ఈ వైద్యం ఊపిరితిత్తుల రోగుల మధ్య పుట్టిందన్న సంగతి బొగ్గు దుమ్ముతో బతికే ఊళ్లకు ఇట్టే అర్థమవుతుంది. 1938లో ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు క్షయతో మిడ్‌హర్స్ట్ శానటోరియంలో చేరాడు. మన మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోటే అది. మందులు సరిగా లేని కాలం. నెలల తరబడి మంచం మీద కదలకుండా పడి ఉండటమే వైద్యం. ఆయన మంచం మీదే బొమ్మలు వేసుకున్నాడు. తర్వాత పక్క రోగుల చేతికీ, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుల చేతికీ పెన్సిల్ ఇచ్చాడు. 1942 ప్రాంతంలో ఆ పనికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టింది ఆయనే. 1946లో ఎడ్వర్డ్ ఆడమ్‌సన్ నెదర్న్ మానసిక ఆసుపత్రిలో స్టూడియో నడపడం మొదలుపెట్టాడు. రోగి వేసిన బొమ్మకు అర్థం చెప్పడం తన పని కాదన్నది ఆడమ్‌సన్ పద్ధతి. అమెరికాలో మార్గరెట్ నామ్‌బర్గ్ దారి వేరు. బొమ్మను మనసు లోపలి మాటగా తీసుకుని, దాని మీద రోగితో మాట్లాడించేది. అర్థం చెప్పాలా వద్దా అన్న ఈ తేడా ఈనాటికీ తెగలేదు. ఈ వృత్తికి నియంత్రణ ఎందుకు కావాలన్న వాదన కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అంతకు ముందు జరిగిన ఒక ఘోరాన్ని ఈ చరిత్రలో దాటవేయకూడదు. జర్మనీలో హాన్స్ ప్రిన్జ్‌హార్న్ అనే డాక్టరు మానసిక ఆసుపత్రుల నుంచి వేలాది బొమ్మలు సేకరించి 1922లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే. రోగుల చేతిలో కళ ఉందని లోకానికి చూపించాడు. ఆయన 1933లో చనిపోయాడు. తర్వాత నాజీలు ఆ సేకరణలోని బొమ్మలను తమకు నచ్చని ఆధునిక చిత్రకారుల బొమ్మల పక్కన పెట్టి, ఇదంతా పిచ్చివాళ్ల కళేనని ఊరూరా ప్రదర్శించారు. ప్రిన్జ్‌హార్న్ మెచ్చుకున్న చిత్రకారుల్లో ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్ ఒకడు. ఇనుముతో కళాఖండాలు చేసిన కమ్మరి. 1940లో గ్రాఫెనెక్‌లో రోగుల్ని చంపే కేంద్రంలో అతన్ని చంపేశారు. రోగి గీసిన గీత ఎవరి చేతిలో పడుతుంది, వాళ్లు దాన్ని ఏం చేస్తారు అన్నది ప్రాణాల మీదికి వచ్చే విషయమని అప్పుడే తేలిపోయింది.

చట్టం మాత్రం నిదానంగా కదిలింది. బ్రిటన్‌లో 1964లో ఆర్ట్ థెరపిస్టులు సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ రిజిస్టరులోకి ఎక్కడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ రిజిస్టరులో లేనివాళ్లు ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకుంటే నేరం. అమెరికాలో సంఘం 1969లో పుట్టింది, పరీక్ష పెట్టి అర్హత పత్రాలిచ్చే బోర్డు 1993లో వచ్చింది. లైసెన్సు మాత్రం రాష్ట్రానికో తీరు. తెలుగువాళ్లు గుంపుగా ఉండే న్యూజెర్సీలో 2016 జనవరిలో ఆర్ట్ థెరపిస్టుల లైసెన్సు చట్టం మీద గవర్నరు సంతకం పడింది. డాలస్ ఉన్న టెక్సాస్‌లో విడిగా లైసెన్సు లేదు, కౌన్సెలర్ లైసెన్సులోనే దాన్ని ప్రత్యేక అర్హతగా చూపిస్తారు. ఇంకా చాలా రాష్ట్రాల్లో అదీ లేదు. మంచిర్యాల నుంచి పోయి అక్కడ ఈ చదువు చదివే అమ్మాయి ముందుగా ఏ రాష్ట్రంలో స్థిరపడాలో తేల్చుకోవాలి. చదువు ఒక్కటే అయినా ఊరు మారితే హోదా మారిపోతుంది.

మన దగ్గర మనసు జబ్బుల మీద చట్టం చాలాకాలం నిర్బంధం చుట్టూనే తిరిగింది. 1912 ల్యూనసీ చట్టం రోగిని ఎలా లోపల ఉంచాలో చెప్పింది. ఎవరు ఎలాంటి వైద్యం చేయాలన్నది దానికి ముఖ్యం కాదు. నిజాం రాజ్యంలో మానసిక ఆసుపత్రి జాల్నాలో ఉండేది, తర్వాతి కాలంలో హైదరాబాదు ఎర్రగడ్డకు మారింది. ఉత్తర తెలంగాణ జనానికి పిచ్చాసుపత్రి అంటే ఎర్రగడ్డే. ఆ పేరు చెప్పి పిల్లల్ని బెదిరించడం ఇంకా పోలేదు.

ఈ రంగంలో వైద్యం చేసేవాళ్ల అర్హత గురించి గట్టిగా మాట్లాడిన చట్టం వికలాంగుల పునరావాసం వైపు నుంచి వచ్చింది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఏర్పడింది. అలాంటి చోట్ల తయారయ్యే ప్రత్యేక ఉపాధ్యాయులకూ, క్లినికల్ సైకాలజిస్టులకూ, స్పీచ్ థెరపిస్టులకూ రిజిస్టరు ఉండాలని 1992లో రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం చేశారు. రిజిస్టరులో పేరు లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. కౌన్సిల్ లెక్కలోకి తీసుకున్న వృత్తులు 16 రకాలు. చెవి మిషన్ టెక్నీషియన్ కూడా అందులో ఉన్నాడు. ఆర్ట్ థెరపిస్టు లేడు. అంటే ప్రత్యేక ఉపాధ్యాయురాలు తరగతిలో పిల్లలతో రంగులు వేయించవచ్చు, ఆమెకు రిజిస్టరు నంబరు ఉంటుంది. అదే పనిని వృత్తిగా పెట్టుకున్నవాళ్లు మాత్రం ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు.

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డుకు చట్టం చేసినా, అది ల్యాబు, ఎక్స్‌రే లాంటి కోర్సుల లోకం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అన్నింటికన్నా నన్ను నిరాశపరిచింది. రోగి హక్కుల విషయంలో అది గొప్ప చట్టం, అందులో సందేహం లేదు. మానసిక ఆరోగ్య వృత్తినిపుణుల నిర్వచనంలో సైకియాట్రిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఉన్నారు. మానస రోగాల్లో పీజీ చేసిన ఆయుర్వేద వైద్యులకు, యునాని, సిద్ధ, హోమియో వాళ్లకు కూడా చోటిచ్చారు. బొమ్మ, పాట, నాట్యం ద్వారా పని చేసేవాళ్లకు మాత్రం చోటు దొరకలేదు.

2018 చివర్లో రాజ్యసభ ముందుకొచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల బిల్లు స్థాయీ సంఘం చూశాక మారి, 2020 సెప్టెంబరులో కొత్త రూపంలో వచ్చింది. 2021 మార్చిలో రెండు సభలూ దాటి జాతీయ కమిషన్ చట్టమైంది. యాభైకి పైగా వృత్తులను పది వర్గాలుగా పెట్టారు. పాదాల వైద్యుడి సరసన, ఇతర సంరక్షకుల జాబితాలో, మూవ్‌మెంట్ థెరపిస్టు అని ఒక పేరుంది. పక్కన బ్రాకెట్లో ఆర్ట్, డాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టు లేదా రిక్రియేషనల్ థెరపిస్టు అని ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణలో 2269 అనే నంబరు కింద ఎక్కడా ఇమడని ఆరోగ్య వృత్తులన్నీ ఉంటాయి. మన పట్టిక ఆ నంబర్లనే వాడుకుంది. అలా కుంచె పట్టేవాళ్లు కదలికల వైద్యం కింద చేరారు. సంగీతం పేరు ఆ బ్రాకెట్లోనూ లేదు. సంగీత చికిత్స మీద ఎంతో మమకారం చూపి, దాని కోసం ట్రస్టు కూడా పెట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన జాతి మనది. ఆ దారిలో నడిచేవాళ్లు తమ పేరు వెతుక్కుంటే దొరకకపోవడం నాకు బాధగా ఉంది.

బ్రాకెట్లో పడ్డా, పేరు ఎక్కడం చిన్న సంగతి కాదు. డిగ్రీ స్థాయి నిపుణులకు మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువు, సహాయక స్థాయికి కనీసం 2,000 గంటలు అని చట్టం గీత గీసింది. రాష్ట్రాలు ఆరు నెలల్లో కౌన్సిళ్లు పెట్టాలంది. చాలాచోట్ల పెట్టలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కల్పించుకుని రెండు నెలల్లో అమలు చేయమని కేంద్రానికీ రాష్ట్రాలకూ చెప్పాల్సి వచ్చింది. పేరు పట్టికలో ఉంటే సరిపోదు. ఆ పేరుకు సిలబస్ ఉండాలి, పరీక్ష ఉండాలి, ఫిర్యాదు చేసుకోవడానికి చోటుండాలి.

ఆ సిలబస్ గురించే నాకు అసలు ఆందోళన. ఆర్ట్ థెరపీ పేరుతో వారాంతపు శిక్షణలిచ్చేవాళ్లు రంగులకు అర్థాలు చెప్తుంటారు. నలుపు అంటే దిగులు, ఎరుపు అంటే కోపం అని. శ్రీరాంపూర్ కాలనీ పిల్ల చేతికి క్రేయాన్లిచ్చి మీ ఊరు గీయమంటే ఏ రంగు తీస్తుంది? ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు గీస్తుంది. లారీలు గీస్తుంది, లారీ నిండా నలుపు రుద్దుతుంది. నాన్నను గీస్తే తల మీద లైటు, చేతులకు నలుపు. ఆ నలుపు వాళ్లింటి అన్నం. దాన్ని చూసి పిల్ల కుంగుబాటులో ఉందని తల్లికి చెప్పేవాళ్లు ఆ తల్లి నిద్ర చెడగొడతారు. దానికి తలకిందులుగా కూడా జరగొచ్చు. బొమ్మలో నాన్న తల మీది లైటును గీసి, మళ్లీ మళ్లీ కొట్టేసిన పిల్ల ఏదో చెప్పబోతోంది. బాయిలో జరిగిన ప్రమాదం గురించి ఇంట్లో పెద్దలు గుసగుసలాడుకోవడం వినిందేమో. తర్ఫీదు ఉన్నవాళ్లు అక్కడ ఆగుతారు. అర్థం చెప్పేయరు. ఇదేమిటి, ఇంకా చెప్పు అని అడిగి, ఆ పిల్ల మాట్లాడేదాకా పక్కన కూర్చుంటారు. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి ఎప్పుడు పంపాలో కూడా వాళ్లకు తెలుస్తుంది. ఈ ఓపికా, ఈ హద్దూ రెండు రోజుల్లో వచ్చేవి కావు. 3,600 గంటలు ఎందుకని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

ఆ బొమ్మ ఎవరిదన్నది ఇంకో చిక్కు. వైద్యంలో భాగంగా పిల్ల వేసిన బొమ్మను సంస్థ ఫేస్‌బుక్ పేజీలో పెట్టడం, విరాళాల కోసం క్యాలెండరులో అచ్చేయడం మంచి మనసుతోనే జరుగుతుంటాయి. ప్రిన్జ్‌హార్న్ మనసు కూడా మంచిదేనని మరిచిపోకూడదు. మానసిక అస్వస్థత ఉన్నవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్లకు సేవలందించే ఆరోగ్య వృత్తినిపుణులందరి బాధ్యత అని 2017 చట్టం చెప్తోంది. ఎక్స్‌రే ఫిల్మును గోడకు అంటించం కదా, బొమ్మకూ అదే మర్యాద దక్కాలి. ఆర్ట్ థెరపిస్టు చట్టం దృష్టిలో ఆరోగ్య వృత్తినిపుణుడు అయినప్పుడే ఈ నియమం గట్టిగా కట్టేస్తుంది. నియంత్రణ కావాలని నేను పట్టుబట్టడానికి అన్నింటికన్నా పెద్ద కారణం ఇది.

ఒక భయం మాత్రం నాకూ ఉంది. కంచె మరీ గట్టిగా వేస్తే బయట పడేదెవరు? నిర్మల్ కళాకారుడు బడిలో పిల్లలకు పొణికి చెక్క మీద రంగులద్దడం నేర్పితే, ఉట్నూరు వైపు గోండు అవ్వ తన మనుమరాలితో గోడ మీద ముగ్గు వేయిస్తే, ఆ పిల్లల మనసు తేలిక పడుతుంది. దానికి లైసెన్సు అడగడం అన్యాయం. కళ అందరిదీ. చికిత్స చేస్తానన్న మాట మాత్రం బాధ్యత తీసుకున్నవాళ్లదే. బ్రిటన్ చట్టం కాపాడింది వృత్తి పేరును. కుంచె పట్టే హక్కు జోలికి అది పోలేదు. మన కౌన్సిళ్లు కూడా ఆ గీత అక్కడే గీయాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో, ప్రత్యేక పాఠశాలల్లో నిజాయితీగా ఈ పని చేస్తున్నవాళ్లను డిగ్రీ లేదని తోసేయకుండా, వాళ్ల పనిని చూసి పరీక్షించి చేర్చుకోవాలి.

ఈలోగా శ్రీరాంపూర్ తల్లిదండ్రులు అడగదగ్గ ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఏం చదివారు, ఎన్ని గంటలు ఎవరి పర్యవేక్షణలో పని చేశారు? మీ పైన సైకియాట్రిస్టు గానీ క్లినికల్ సైకాలజిస్టు గానీ ఉన్నారా, ఉంటే వాళ్ల రిజిస్టరు నంబరు ఎంత? మా పిల్ల వేసిన బొమ్మ ఎక్కడ ఉంచుతారు, ఎవరికి చూపిస్తారు, మేం అడిగితే తిరిగి ఇస్తారా? సూటిగా జవాబు రాకపోతే ఆ పిల్లను అక్కడ కూర్చోబెట్టకూడదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఎవరి దగ్గరికి పోవాలో అడగవచ్చు. తెలంగాణ రిజిస్టరు తయారయ్యాక మాత్రం అది హైదరాబాదు ఆఫీసు బీరువాలో ఉండకూడదు. మంచిర్యాల ఆసుపత్రి ఓపీ గోడ మీదా, ప్రతి బడి హెడ్‌మాస్టరు చేతిలోనూ, తెలుగులో, పేరూ నంబరుతో సహా ఉండాలి.