పాత పటాలపు రైఫిలు - ముద్రాపఠనము

శాసనములన్నంతనే రాతిపలకలును రాగిరేకులును మనకు స్ఫురించును. ఉక్కుమీదను శాసనములు గలవు. ఒక సైన్యము వాడి విడిచిన రైఫిలును పరీక్షించి చూచినచో, దానిమీద రాజకిరీటము, రాజనామాక్షరములు, కర్మాగారము పేరు, సంవత్సరము, నమూనా పేరు, వరుససంఖ్య, యాజమాన్యచిహ్నము కానవచ్చును. దానశాసనమునందు ప్రశస్తి, వంశము, కాలము, దేయవస్తువు వరుసగా నుండునట్లే యిచ్చటను ఒక క్రమము గలదు. ఆ క్రమము నెఱిగినవారికి అది చారిత్రకాధారము. ఎఱుగనివారికి తుప్పుపట్టిన తుపాకి.

మనదేశపు పోలీసులచేతులలో పలుతరములు కనబడినదియు, ప్రజలనోట “త్రీనాట్‌త్రీ” అని పేరుపడినదియునైన లీ ఎన్‌ఫీల్డు రైఫిలును ఈ వ్యాసమున ఉదాహరణముగా గైకొనుచున్నాను. ఈ విద్యను క్రొత్తగా నభ్యసింపగోరువారు ఎచ్చట మొదలిడవలెనో, దేనిని నమ్మవలెనో, దేనిని శంకింపవలెనో ఇందు నిరూపింప యత్నించెదను. ఈ పఠనమువలన మన చరిత్రకు జెందిన సత్యమొకటి తేటపడును. పాలకులు పాలితుల నెంతవఱకు విశ్వసించిరో, వారిచేతికిచ్చిన తుపాకియే సాక్ష్యము పలుకును.

వంశక్రమము

పఠనమునకు ముందు వంశక్రమము తెలియవలెను. లండను నగరమునకు ఉత్తరమున ఎన్‌ఫీల్డు అను చోట బ్రిటిషు ప్రభుత్వపు తుపాకుల కర్మాగార ముండెను. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు మూతినుండి మందు కూరి ప్రేల్చునట్టిది. గొట్టములోపల మెలికతిరిగిన చాళ్లుండుటచే గుండు తనచుట్టు తాను తిరుగుచు పోయి దూరపుగుఱిని తాకును. రైఫిలు అను పేరునకు ఈ చాళ్లే కారణము. దీని తూటాల కాగితమునకు పూసిన కొవ్వునుగూర్చి పుట్టిన శంక 1857 నాటి తిరుగుబాటునకు తక్షణకారణములలో నొకటియని మన పాఠశాలల బాలురెల్ల నెఱుగుదురు. ఆ తిరుగుబాటు అణగిన పిమ్మట జరిగిన మార్పును ఎఱిగినవారు తక్కువ.

1858 నమూనా యను పేర భారతీయ పదాతిదళములకొఱకు వేఱొక తుపాకి సిద్ధమయ్యెను. పైచూపునకు అదియు ఎన్‌ఫీల్డే. గొట్టములోపల మాత్రము చాళ్లు లేవు, నున్నని గొట్టము. అనగా దూరపుగుఱిని తాకగల శక్తి తీసివేయబడినది. ఆ కాలముననే, పర్వతప్రాంతపు చిన్న దళములు తప్ప, ఫిరంగిదళములును ఐరోపీయులకే ప్రత్యేకింపబడెను. ఉత్తరహిందూస్థానమున కంపెనీ సిపాయిని “తిలంగా” అని పిలుచు వాడుక యుండెడిది. కంపెనీ కొలువున తొలుత చేరిన తెలుగు సిపాయిలనుబట్టి వచ్చిన పేరది. కావున ఈ నున్నని గొట్టపు కథ మనకు పరాయికథ కాదు.

అటుపిమ్మట ఆయుధము మాఱినప్పుడెల్ల ఒక మెట్టు వెనుకబాటు పాటింపబడెను. 1866లో వెనుకనుండి తూటా నింపు స్నైడరు వచ్చెను. 1871లో మార్టిని హెన్రీ వచ్చెను. 1878లో ఆరంభమైన రెండవ ఆఫ్ఘను యుద్ధమున బ్రిటిషు పటాలములచేత మార్టిని హెన్రీయు, భారతీయ పటాలములచేత స్నైడరును ఉండెను. బ్రిటిషు సైనికులు లీ మెట్‌ఫర్డు నందుకొన్న పిదప మార్టిని హెన్రీ భారతీయుల పాలబడెను. ఒకరు విడిచినది మఱియొకరికి క్రొత్త. నేడు “మిగులాయుధము” అను మాటకు మనము చెప్పుకొను అర్థము, ఆనాడు సామ్రాజ్యమునందు రాజనీతియై యుండెను.

లీ మెట్‌ఫర్డు 1888లో అంగీకృతమైనది. స్కాట్లండులో 1831లో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడిన జేమ్సు పారిస్ లీ దాని బోల్టును, తూటాలపెట్టెను కల్పించెను. విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డు గొట్టములోని చాళ్లను రూపించెను. గొట్టపు రంధ్రము అంగుళములో వేయింట 303 వంతులు. “త్రీనాట్‌త్రీ” యను పేరునకు మూలమదియే. పొగలేని క్రొత్తమందు కార్డైటు వాడుకలోనికి వచ్చుటతో దాని వేడిమికి మెట్‌ఫర్డు లోతులేని చాళ్లు త్వరగా నఱిగిపోవుచుండెను. అందుచేత 1895లో లోతైన అయిదు చాళ్లుగల ఎన్‌ఫీల్డు గొట్టము పెట్టబడి, రైఫిలు లీ ఎన్‌ఫీల్డు అను పేరొందెను. తరువాత గొట్టము 25.2 అంగుళములకు కుఱుచ చేయబడెను. ఈ కుఱుచ రైఫిలులో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది 1907లో వెలువడిన మూడవ మార్కు. పెట్టెలో పది తూటాలు పట్టును. మహాయుద్ధపు తొందరలో 1916లో కొన్ని భాగములు తగ్గింపబడి, మూడవ మార్కు ప్రక్కను ఒక నక్షత్రము చేరెను.

ఆ మెట్టు భేదము ఎంత ప్రమాదకరమో 1914లో వెల్లడియైనది. ఫ్రాన్సునకు పోయిన భారతీయ సైనికులు మార్సేయి రేవున దిగినపుడు వారి పాత రైఫిళ్లు తీసికొనబడి, మూడవ మార్కు రైఫిళ్లును క్రొత్తరకపు తూటాలును ఈయబడెను. సెప్టెంబరు మాసాంతమున చేతికివచ్చిన యాయుధముతో అక్టోబరులో వారు ఫ్లాండర్సు కందకములలో పోరాడవలసివచ్చెను. క్రొత్త రైఫిలుతో సాధనచేయుటకు వారికి లభించినవి కొలదివారములు.

మొదటి పాఠము

ఇక పఠనమునకు వత్తము. మనదేశమున ఈ కొలతగల రైఫిలు నిషిద్ధాయుధములలో జేరినది. సామాన్యులు దగ్గఱ నుంచుకొనరాదు. కొన్ని యితర దేశములలో సైన్యములు విడిచిన రైఫిళ్లను సేకర్తలు ప్రభుత్వానుమతితో కొనుట కలదు. మనకైతే ప్రదర్శనశాలలును, అధికారుల యనుమతితో చూడదగు ఆయుధాగారములును శరణ్యములు. ఎచ్చటనైనను, రక్షకుడు బోల్టు తెఱచి లోపల తూటా లేదని చూపినపిమ్మట గాని రైఫిలును ముట్టరాదు. అది వందయేండ్ల నాటిదైనను తుపాకియే. గొట్టపుమూతిని ఎవరివైపునకును త్రిప్పరాదు.

తుప్పును గీకరాదు. తుప్పుతో గూడ ముద్రయు రాలిపోవును. అరిగిన శాసనమును సుత్తితో శుభ్రపఱచువా డుండునా? ఏటవాలుగా వెలుతురు పడునట్లు నిలిపినచో కనబడని యక్షరములు నీడలచే కనబడును. పలుచని కాగితము పఱచి సీసపుకడ్డీతో మెల్లగా రుద్దినచో శాసనమునకువలె ప్రతికృతి వచ్చును.

ప్రధానముద్ర కుడిప్రక్కను, బోల్టు పిడికి దిగువను, భుజమున కానించు కొయ్య వచ్చి చేరు ఉక్కుపట్టెమీద నుండును. పైనుండి క్రిందికి చదువవలెను. మొదట కిరీటము, దానిక్రింద రాజనామాక్షరములు. వి. ఆర్. అనిన విక్టోరియా రాణి, ఇ. ఆర్. అనిన ఎడ్వర్డు రాజు, జి. ఆర్. అనిన జార్జి రాజు. అయిదవ జార్జికిని ఆఱవ జార్జికిని అక్షరము లొక్కటియే గనుక సంవత్సరము చూడక రాజును నిర్ణయింపరాదు. వేంగీచాళుక్యులలో విష్ణువర్ధన, విజయాదిత్యనామములు మరల మరల వచ్చుటచే కాలనిర్ణయమున కలుగు చిక్కును ఎఱిగిన పండితులకు ఇది క్రొత్తగాదు.

తరువాతిది కర్మాగారనామము. ఎన్‌ఫీల్డు గాక, బర్మింగ్‌హాములోని బి. ఎస్. ఏ. కంపెనీయు, 1912లో తెఱచిన ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారమును, మనదేశమున ఇషాపూరు కర్మాగారమును దీనిని చేసినవి. ఈ ఇషాపూరు కలకత్తాకు ఉత్తరమున హుగ్లీతీరమున నున్నది; శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురమని భ్రమపడరాదు. ఇచ్చట నొక విశేషము గమనింపదగును. ఇంగ్లండులో చేసిన రైఫిలుమీద జి. ఆర్. అని మాత్రమే యుండగా, ఇషాపూరు రైఫిలుమీద జి. ఆర్. ఐ. అని యుండును. చివరియక్షరము చక్రవర్తిపదమును దెలుపును. తన దీవిలో రాజుమాత్రమైనవాడు మనదేశమున చక్రవర్తి. ఆ యొక్కయక్షరము ఒక రాజ్యాంగచరిత్ర. భారతదేశము గణతంత్రమైనపిమ్మటి ఇషాపూరు రైఫిళ్లమీద కిరీటము మాయమై అశోకుని సింహశీర్షము వెలసినది.

యాజమాన్యమునకు బాణపుములికి గుర్తు. భారతప్రభుత్వపు సొత్తునకు ములికిక్రింద ఐ యను నక్షరము చేరును. రెండు ములుకులు మొన యెదురుమొనగా నున్నచో, సర్కారు ఆ రైఫిలును కొలువునుండి విడిచి అమ్మినదని యర్థము. ఎఫ్. టి. ఆర్. అను నక్షరములును సంవత్సరమును ఉన్నచో, కర్మాగారమున సమూలముగా బాగుచేయబడినదని తెలియవలెను; ఇది దేవాలయపు జీర్ణోద్ధారణశాసనము వంటిది. కొయ్యలో పొదిగిన యిత్తడిబిళ్ల పటాలము పేరును చెప్పవచ్చును.

వరుససంఖ్యను గొట్టముమీదను, దానిని పట్టియుండు ఉక్కుభాగముమీదను, బోల్టు పిడిమీదను పోల్చి చూడవలెను. రాగిరేకులు ఒకే కడియమున గ్రుచ్చబడి రాజముద్రతో నున్నగాని సమగ్రశాసనమని యొప్పుకొనము. సంఖ్యలు కలియని రైఫిలు పలుప్రతుల పుటలు చేర్చి కుట్టిన గ్రంథమువంటిది. దానికిని విలువ కలదు, కాని దాని సాక్ష్యము భాగముభాగముగా తీసికొనవలెను.

కూటముద్రలు

కూటశాసనములు రాగిమీదనే కాదు, ఉక్కుమీదను గలవు. ఖైబరు కనుమ ప్రాంతమునను, పెషావరు కోహాటుల నడుమనున్న దర్రా ఆదమ్‌ఖేల్ గ్రామమునను కమ్మరులు లీ ఎన్‌ఫీల్డును చేతిపనిముట్లతో అనుకరించి చేసిరి. వారి నైపుణ్యము మెచ్చదగినది. కాని ఆంగ్లలిపి నెఱుగక ముద్రలను బొమ్మలవలె దించుటచే అక్షరములు తలక్రిందులగుటయు, పేరులో వర్ణములు తాఱుమాఱగుటయు కలదు. కొన్నింటిమీద వి. ఆర్. అను నక్షరములక్రింద 1907 తరువాతి సంవత్సరము లుండును. విక్టోరియా 1901 జనవరి 22వ తేదీన మరణించెను. మరణించిన రాణిపేర మూడవ మార్కు రైఫిలు పుట్టనేరదు. లిపి, భాష, కాలము పరస్పరము పొసగుచున్నవా యను శాసనపరిశోధకుని ప్రశ్నయే ఇచ్చటను మోసమును పట్టియిచ్చును.

సందేహము తీఱుటకు మాతృక నాశ్రయింపవలెను. బ్రిటిషువారు ప్రతి నమూనాకును ముద్రవేసిన మాతృకను ఎన్‌ఫీల్డున భద్రపఱచెడివారు. 1988లో ఆ కర్మాగారము మూతపడినపిదప ఆ సంచయము నాటింగ్‌హామునకును, అటనుండి లీడ్సు నగరమందలి రాయల్ ఆర్మరీసునకును చేరినది. ప్రతి మార్పును తేదీతో ప్రకటించు అధికారపట్టికలును ముద్రితములై యున్నవి. ఉక్కును, కాగితమును కలిపి చదివినగాని నిర్ణయము చేయరాదు.

పఠనఫలము

ఈ విధమున చదువువానికి ఒకనాడు విచిత్రమైన రైఫిలొకటి ఎదురుపడును. ఆకారము లీ ఎన్‌ఫీల్డే, ఇషాపూరు ముద్రయే. కాని గొట్టము నున్ననిది, రంధ్రము అంగుళములో వేయింట 410 వంతులు, తూటాలపెట్టెలో కొయ్యముక్క బిగింపబడినది. ఒకమాఱు ఒక తూటా మాత్రమే పెట్టవలెను. ఇది పోలీసులకొఱకు చేసిన మస్కెట్టు. పదితూటాల రైఫిలును వ్యయమునకోర్చి ఒక్కతూటా తుపాకిగా మార్చిరి. 1858 నాటి నున్నని గొట్టము, 1878 నాటి ఆయుధచట్టము, ఈ కొయ్యముక్క - ఈ మూడును ఒకే వాక్యములోని పదములు. ఏ గ్రంథమునందును ఇంత స్పష్టముగా చెప్పని మాటను ఆ కొయ్యముక్క చెప్పుచున్నది: చట్టమును కాపాడుటకు నియమించినవానినే పాలకుడు నమ్మలేదు.

దీనిని మనసున నుంచుకొని మన్యపు చరిత్రను చదువవలెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలను వరుసగా ముట్టడించి 26 తుపాకులను గైకొనెను. సంఖ్యను మాత్రము చెప్పి విడుచుట చరిత్రకారునకు చాలదు. తుపాకి చాళ్లగొట్టముదా, నున్ననిదా, ఒక్కతూటాదా, పదితూటాలదా అను భేదము తెలిసినగాని కొండలలో నిలిచి పోరాడినవారి సాహసమును కొలువ వీలుపడదు. వస్తుపఠనము లేని వీరగాథ స్తుతిగా మిగులును, చరిత్ర కాదు.

స్వాతంత్ర్యానంతరమును ఈ రైఫిలు కథ ముగియలేదు. 1962లో చైనాతో జరిగిన యుద్ధమున మన సైనికులచేత త్రీనాట్‌త్రీ యుండెను. తరువాత ఇషాపూరు కర్మాగారము అదే యాకృతిలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగిన రైఫిలును చేసెను. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి బొంబాయి రైల్వేస్టేషనున స్వయంచాలకాయుధముల నెదుర్కొన్న పోలీసులచేతులలోను పాత రైఫిలే యుండెను. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 గణతంత్రదినపు కవాతుతో దీనికి సెలవిచ్చిరి. వెనుకబాటు మెట్టు పరాయిపాలనతోనే సమసిపోలేదని ఈ తేదీలు తెలుపుచున్నవి.

కొలువు చాలించిన ఆయుధము కొలిమి చేరుటకు ముందు దాని ముద్రలు కాగితమునకెక్కవలెను. మన ప్రదర్శనశాలలలో “పాత తుపాకి” అను రెండుమాటల చీటి కట్టి తృప్తిపడుట తగదు. కిరీటము, అక్షరములు, కర్మాగారము, సంవత్సరము, మార్కు, సంఖ్య, గొట్టపు లోపలితీరు - ఈ యేడు విషయములు వ్రాసిన చాలును. పాఠశాలలలో చరిత్ర బోధించు పండితులు తమ శిష్యులను ప్రదర్శనశాలకు గొనిపోయినపుడు రాతిశాసనముచెంత నిలిపినట్లే ఆయుధపుబీరువాచెంతను ఒక గడియ నిలిపి, ఈ యేడింటిని చదివింతురుగాక.