ఎండ పడని చర్మవ్యాధులు: పిల్లల్లో, పెద్దల్లో

సూర్యరశ్మికి చర్మం అసాధారణంగా స్పందించే వ్యాధులివి. ఎండ తగిలిన కొన్ని గంటల్లో దురదతో దద్దుర్లు లేచే పాలిమార్ఫస్ లైట్ ఎరప్షన్ పిల్లల్లోనూ పెద్దల్లోనూ కనిపిస్తుంది. మిగతావాటి మూలాలు వయసును బట్టి మారతాయి.

పసితనంలోనే మొదలైతే ముందుగా జన్యులోపాన్ని అనుమానించాలి. ఎరిత్రోపోయిటిక్ ప్రోటోపార్ఫిరియా ఉన్న బిడ్డ ఎండలోకి వెళ్లిన కొద్ది నిమిషాలకే మంటతో ఏడుస్తుంది, చేతులు చన్నీళ్లలో ముంచుతుంది. చర్మం మీద మాత్రం ఏ గుర్తూ ఉండకపోవచ్చు. దాంతో పెద్దలు మారాం అనుకుంటారు, వ్యాధి నిర్ధారణకు ఏళ్లు పడుతుంది. ఆ బిడ్డ పడే బాధ నిజమైనది. 400 నానోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉండే కాంతి దీనికి కారణం కాబట్టి కిటికీ అద్దాలు, మామూలు సన్‌స్క్రీన్లు పెద్దగా కాపాడవు. జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఇంకా ప్రమాదకరం. ఇందులో అతినీలలోహిత కిరణాలకు దెబ్బతిన్న డీఎన్ఏను కణాలు బాగుచేసుకోలేవని జేమ్స్ క్లీవర్ 1968లో చూపాడు. ఈ పిల్లలకు పదేళ్లలోపే చర్మక్యాన్సర్ రావచ్చు.

పెద్దల్లో కారణం చాలాసార్లు బయటి నుంచి వస్తుంది. డాక్సీసైక్లిన్, థయజైడ్ వంటి మందులు వాడేవారికి ఎండ పడకపోవచ్చు. వయ్యారిభామ మొక్క ఎలర్జీ ఉన్న రైతుల్లో కొందరికి కాలక్రమంలో ఎండ కూడా సరిపడదు. ముఖం, మెడ, ముంజేతుల చర్మం మందమై నల్లబడుతుంది. రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్ వ్యాధి ఉందేమో కూడా పరీక్షించి చూడాలి.

ఎండలో మంటగా ఉందని పసిబిడ్డ పదేపదే ఏడిస్తే చర్మవైద్యులకు చూపించడం ఆలస్యం చేయకూడదు.