గోడ నెక్కిన అత్తితీగ కథ

ప్రహరీగోడ మీద పచ్చని తివాసి పరచినట్లు అంటిపెట్టుకొని ప్రాకెడు చిన్న ఆకుల తీగ నొకదానిని మన పట్టణములలో చాలమంది చూచియే యుందురు. నర్సరీలలో దీనిని క్రీపింగ్ ఫిగ్ అను ఇంగ్లీషు పేరుతోనే అమ్ముచున్నారు. వృక్షశాస్త్రములో దీని పేరు ఫైకస్ పుమిలా. మర్రి, రావి, మేడి, అంజూరము అన్నియు ఈ ఫైకస్ ప్రజాతిలోనివే. కాడను త్రుంచినచో మర్రికివలెనే దీనికిని పాలు కారును. ఈ వ్యాసములో దీనిని అత్తితీగ యని పిలుచుకొందము.

చిక్కుడుతీగ పందిరిగుంజను చుట్టుకొని పైకి పోవును. కాకరతీగ నులితీగలతో ఆధారమును పట్టుకొనును. అత్తితీగ ఈ రెండు పనులును చేయదు. అయినను నిటారుగా నున్న గోడ మీద గాలికి, వానకు చెదరక నిలిచియుండును. దానిని గోడకు పట్టియుంచున దేది? దాని ఆకులు గోడ మీద ఒక తీరుగను, పై కొమ్మలయందు మరియొక తీరుగను ఉండుట ఎందువలన? పువ్వు కనబడకయే కాయ కాయుట ఎట్లు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు ఒక్కనాట లభింపలేదు. అవి లభించిన క్రమమే ఈ తీగ చరిత్ర. దీనిని పెంచుటకు తోటమాలి పాటింపవలసిన నియమములును ఆ సమాధానములలోనే యున్నవి.

అత్తితీగ జన్మస్థానము తూర్పు ఆసియా. చీనా, జపాను, తైవాను, వియత్నాము దేశములలో ఇది సహజముగా పెరుగును. క్రీ. పూ. 3వ శతాబ్ది ప్రాంతమున నున్న చీనా కవి చ్యూ యువాన్ పేర ప్రసిద్ధమైన కవితలలో 'బీలీ' అను తీగ ప్రస్తావన కలదు. నేటి చీనా భాషలో అత్తితీగకు అదియే పేరు. తరువాత లీ షిజెన్ అను వైద్యుడు 1578లో ముగించిన గొప్ప ఓషధీ గ్రంథమునందు ఈ తీగ 'ములియెన్' అను పేరుతో వర్ణింపబడినది. ములియెన్ అనగా కొయ్యతామర. ఇది చెట్లను, గోడలను పట్టుకొని పెరుగుననియు, పూయకయే కాయుననియు, కాయ కొంచెము తామరకాయను పోలియుండుననియు ఆయన వ్రాసెను. ఆయన గ్రంథము 1596లో అచ్చయినది. 'పూయకయే కాయును' అన్న మాట ఒక్కటి మాత్రము తరువాతివారు సవరింపవలసి వచ్చినది.

ఐరోపా పండితులకు ఈ తీగ జపానునుండి తెలిసినది. ఎంగెల్‌బెర్ట్ కెంఫర్ అను జర్మన్ వైద్యుడు 1690 మొదలు 1692 వరకు నాగసాకి వద్ద డచ్చివారి వర్తకస్థానమున పనిచేసెను. 1712లో ప్రకటించిన తన గ్రంథమున జపాను మొక్కలను పెక్కింటిని వర్ణించెను. ఆ వర్ణనమును ఆధారముగా గొని 1753లో లిన్నేయస్ ఈ తీగకు ఫైకస్ పుమిలా అని పేరిడెను. లాటిన్ భాషలో పుమిలా అనగా పొట్టిది, మరుగుజ్జు. మేడలపైకి ప్రాకగల తీగకు ఈ పేరు తగినది కాదని పాఠకులకు తోచవచ్చును. కాని ముందుగా నియమానుసారము పెట్టిన పేరే నిలువవలెనన్నది వృక్షశాస్త్రజ్ఞుల కట్టుబాటు. 1786లో థున్‌బెర్గ్ అను స్వీడన్ శాస్త్రజ్ఞుడు దీనినే ఫైకస్ స్టిపులేటా అని మరల నామకరణము చేసెను. తోటలవారు ఫైకస్ రెపెన్స్ అని వ్యవహరించిరి. ఈ పేర్లు కాలక్రమమున ప్రక్కకు తొలగినవి. మరుగుజ్జు అన్న పేరే మిగిలినది.

ఈ తీగకు జీవితమున రెండు దశలు కలవు. మొదటిది బాల్యదశ. అప్పుడు కాండము సన్నగా నుండి గోడను అంటుకొని ప్రాకును. ఆకులు పలుచగా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవున, ఏటవాలు హృదయాకారముతో నుండును. కొన్ని సంవత్సరములకు తీగ బాగుగా ఎదిగిన పిమ్మట ప్రౌఢదశ వచ్చును. అప్పుడు పుట్టు కొమ్మలు గోడను విడిచి ముందుకు చాచుకొనును. వాటికి అంటుకొను వేళ్లుండవు. ఆకులు తోలువలె దళసరియై, చిన్న ఆకుల కంటె రెండు మూడు రెట్లు పెద్దవగును. కాయలు కాయునది ఈ కొమ్మలకే. ఈ రెంటిని వేరువేరుగా చూచినవారు రెండు జాతుల మొక్క లనుకొనుటలో వింత లేదు.

ఇక తీగను గోడకు పట్టియుంచున దేదను ప్రశ్న. దీనికి సమాధానము వెదకినవాడు చార్లెస్ డార్విన్. అమెరికా శాస్త్రజ్ఞుడు ఏసా గ్రే నులితీగల కదలికను గూర్చి వ్రాసిన చిన్న వ్యాసము ఆయనకు ప్రేరణ మయ్యెను. ఎగబ్రాకు మొక్కలను గూర్చి డార్విన్ వ్రాసిన దీర్ఘవ్యాసము 1865లో లండనులోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో వెలువడినది. 1875లో దానిని సవరించి పుస్తకముగా ప్రకటించెను.

ఆయన చేసిన ప్రయోగము మిక్కిలి సులభమైనది. అత్తితీగ లేత వేళ్లు గాజుపలకలకు కొంచెముగా ఒత్తుకొనునట్లు అమర్చెను. సుమారు వారము దినములకు వేళ్లనుండి మిక్కిలి చిన్న బొట్లు ఊరినవి. గాయమైనప్పుడు కారు పాలవలె అవి తెల్లగా లేవు. తేటగా, కొలదిగా జిగురుగా నున్నవి. గుండుసూది తలలో సగమంత బొట్టును గాజు మీద పులిమి, దానిపై ఇసుకరేణువులను చల్లి, వేసవి పొడివేడిలో ఒక సొరుగునందుంచెను. నీరైనచో కొద్ది నిమిషములలో ఆరిపోవలసినది. ఆ ద్రవము 128 దినముల వరకు ఇసుకరేణువుల చుట్టును తడిగానే యుండెను. పది పదునైదు దినములు గాజు నంటియున్న వేళ్ల బొట్లు మరింత చిక్కనై తీగెలు సాగినవి. 23 దినములున్న వేళ్లు గాజునకు గట్టిగా అతుకుకొనిపోయినవి.

తనంత తాను ఆరని ద్రవము వేరు క్రింద గట్టిపడుట ఎట్లు? డార్విన్ తర్కము గమనింపదగినది. వేరు మొదట జిగురు ద్రవమును స్రవించును. పిమ్మట అందలి నీటి భాగమును తానే పీల్చుకొనును. మిగిలిన పదార్థము సిమెంటువలె అతికించును. గోడ నెక్కిన తీగ వేళ్లను కార్బన్ డైసల్ఫైడులో కొంతసేపు నానబెట్టినప్పుడు రబ్బరువలె సాగెడు సన్నని దారములును ఆయనకు కనబడినవి. గాజుపలక, ఇసుక, సొరుగు, దినముల లెక్క – ఈ ప్రయోగమునకు కావలసివచ్చినవి ఇవియే.

2003లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయమును సూక్ష్మదర్శిని క్రింద మరింత విశదము చేసినది. వేళ్లు కాండము మీద గుంపులు గుంపులుగా పుట్టును. వాటి మూలకేశములును, స్రావమును కలిసి ఒక మెత్తవలె ఏర్పడి గోడను పట్టుకొనును.

పువ్వు విషయము చూతము. మేడిపండును చీల్చినవారికి అందలి పురుగులు కొత్త కావు. ప్రాచీన బౌద్ధ గ్రంథములలో ఉదుంబర పుష్పము, అనగా మేడిపువ్వు, అతి దుర్లభమైనదానికి ఉపమానముగా చెప్పబడినది. నిజమునకు ఫైకస్ ప్రజాతిలో మనము కాయ యనుకొనునది బోలుగా నున్న పుష్పగుచ్ఛము. వందలకొలది చిన్న పువ్వులు దాని లోపలి గోడకు పూయును. ఒక సన్నని కందిరీగ జాతి కీటకము కొనయందున్న రంధ్రముగుండ లోపలికి పోయి పరాగమును చేర్చును. అత్తితీగకు సేవచేయు కీటకమునకు విబీసియా ప్యుమిలే అని పేరు. అది ఒక్క జాతి కాదనియు, చూపునకు ఒకే తీరున నుండు వేరు జాతులు చీనాలో కలవనియు ఇటీవలి డి.ఎన్.ఏ. పరీక్షల వలన తేలినది. ఈ కీటకము లేని ప్రదేశములలో అత్తితీగకు మొలకెత్తు గింజ కట్టదు. అందుచేత అచ్చట దానిని కొమ్మలు నాటియే వృద్ధిచేయుదురు.

తైవానులో ఈ తీగకు ఒక ఉపజాతి భేదము కలదు. దానిని 1904లో జపాను శాస్త్రజ్ఞుడు మకినో వర్ణించెను. గింజలను గుడ్డసంచిలో కట్టి చన్నీటిలో పిసికినచో పొయ్యి లేకయే నీరు గడ్డకట్టి 'ఐయూ' అను చల్లని తినుబండారమగును. గింజల పైపొరలోని పెక్టిన్‌ను అందులోనే యున్న ఒక ఎంజైము మార్చును. మారిన పెక్టిన్ నీటిలోని కాల్షియముతో కలిసి గట్టిపడును. కాల్షియము లేని స్వేదనజలముతో ఇది సరిగా కట్టదు.

ఇప్పుడు పెంపకమును గూర్చి తేలికగా చెప్పుకొనవచ్చును. వానకాలము ఆరంభమున జానెడు కంటె చిన్నవైన లేత కొమ్మలను గోడ నంటియున్న చిన్నాకుల తీగనుండి కోసి నాటవలెను. పెద్దాకుల కొమ్మను నాటినచో అది చాలకాలము పొదగానే నిలుచును. నాటిన పిదప పాత కాండమును గోడకు కట్టినంత మాత్రమున అతుకదు. జిగురు ఊరునది కొత్త వేళ్లకే. కనుక మొక్కను కురుచగా కత్తిరించి కొత్త చిగుళ్లను రానీయవలెను. పడమటి గోడ మండుటెండ కంటె తూర్పు, ఉత్తరపు గోడలు మేలు. నేల తడిగా నుండవలెను గాని నీరు నిలువరాదు. ముందుకు చాచిన కొమ్మలను సంవత్సరమునకు రెండు మూడు సారులు కత్తిరించుచుండినచో తీగ చిన్నాకులతోనే యుండును. కత్తిరించునప్పుడు చేతితొడుగులు అవసరము. పాలు తగిలిన చర్మము ఎండలో కొందరికి మండి పొక్కును.

ఒక హెచ్చరిక. అతికిన తీగను పీకినచో సున్నము, గచ్చు పెళ్లలుగా ఊడివచ్చును. నెఱ్ఱెలు విచ్చిన గోడలకు, పాత సున్నపు కట్టడములకు, ఆలయములకు, కోటలకు దీనిని ఎక్కింపరాదు. ఎక్కియున్నచో మొదట మొదలు నరికి, తీగ ఎండిన తరువాత మెల్లగా తీయవలెను.

పాఠశాల ఆవరణలో ఈ తీగ యున్న ఉపాధ్యాయులు డార్విన్ ప్రయోగమును విద్యార్థులచేత చేయింపవచ్చును. సూక్ష్మదర్శినికి వాడు గాజుపలకను కొత్త చిగురు వేళ్లకు తాకునట్లు దారముతో వదులుగా కట్టి, భూతద్దముతో దినదినము చూచి తేదీలతో వ్రాసికొనవలెను. బొట్టు కనబడినంతనే ఇసుక చల్లి విడిగా భద్రపరుపవలెను. 128 దినములన్నది ఇంగ్లండులోని లెక్క. మన ఎండలలో ఆ బొట్టు ఎన్ని దినములు తడిగా నుండునో విద్యార్థులే కనుగొని చెప్పవచ్చును.